ఆ చివరి బంతి తర్వాత

2010 మే 16, బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్. మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్. ఆస్ట్రేలియా చేసింది 106 పరుగులే. చివరి బంతికి న్యూజిలాండ్ గెలవాలంటే 5 పరుగులు కావాలి, ఫోర్ పడితే టై. క్రీజులో ఇరవై ఏళ్ల సోఫీ డివైన్. బంతి ఎలీస్ పెర్రీ చేతిలో ఉంది.

డివైన్ నేరుగా బలంగా బాదింది. పెర్రీ కాలు చాచింది. బంతి బూటుకు తగిలి మిడాన్ వైపు మళ్లింది. వచ్చింది ఒక్క పరుగే. 3 పరుగుల తేడాతో కప్పు ఆస్ట్రేలియాకు పోయింది. న్యూజిలాండ్ తరఫున అత్యధికంగా 38 పరుగులు చేసిన డివైన్ నాటౌట్‌గా నిలిచిపోయింది.

ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారినవాళ్లకు ఆ క్షణం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ మాట వాళ్లకే: షాట్ డివైన్‌ది, కాలు పెర్రీది. ఓడిన రోజు మనం ఈ రెంటినీ కలిపేసి మొత్తం మన నెత్తినే వేసుకుంటాం. 'నాకు రాత లేదు' అనేస్తాం, లేదా 'నాకు చేతకాదు' అనేస్తాం. రెండూ తప్పే. షాట్ బాగానే ఉంది. సరిచూసుకోవాల్సింది అంతకుముందు ఆడిన 119 బంతుల్ని. 107 లక్ష్యం చివరి బంతి దాకా ఎందుకు వచ్చింది? పరుగు రాకుండా పోయిన బంతులు ఎన్ని? మన చేతిలో ఉన్న పనంతా అక్కడే ఉంది. మీ పరీక్ష పోయిందా? పోయిన ఆ ఒక్క మార్కును వదిలేయండి. ఏ నెలలో చదువు సాగలేదో వెతకండి.

డివైన్ పదిహేడేళ్లకే జాతీయ జట్టులోకి వచ్చింది. అప్పుడామె ప్రధానంగా మీడియం పేసర్. బౌలింగ్ వదలకుండానే బ్యాటింగ్‌ను పెంచుకుంటూ పోయి, బౌలర్లు హడలిపోయే ఓపెనర్ అయింది. 2020లో అంతర్జాతీయ టీ20ల్లో వరుసగా ఐదు ఇన్నింగ్స్‌లో యాభై దాటింది. అప్పటిదాకా ఆ పని మగవాళ్లలోనూ ఎవరూ చేయలేదు. పదిహేనేళ్ల వయసు నుంచి టైప్-1 మధుమేహంతోనే ఇదంతా సాగింది. హాకీలోనూ న్యూజిలాండ్‌కు ఆడింది.

ఆమె కెరీర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం పరుగులు కాదు. 2021లో, కెప్టెన్‌గా ఉండగానే, మానసిక ఆరోగ్యం కోసం ఆటకు విరామం ఇచ్చింది. మన ఇళ్లల్లో ఇంకా 'అలసిపోయాను' అనడం తప్పు ఒప్పుకోవడంలా వినిపిస్తుంది. దేశానికి కెప్టెన్ అయిన మనిషి ఆ మాట బాహాటంగా అని, ఆగి, మళ్లీ వచ్చి జట్టును నడిపింది. మీకు ఆగాల్సిన అవసరం వస్తే ఆగండి. ఇంట్లోవాళ్లకు చెప్పి ఆగండి.

2024 టీ20 ప్రపంచకప్‌కు వచ్చేసరికి న్యూజిలాండ్ వరుసగా పది మ్యాచ్‌లు ఓడి ఉంది. ఆ టోర్నీ తర్వాత టీ20 కెప్టెన్సీ వదిలేస్తానని డివైన్ ముందే చెప్పేసింది. దుబాయ్‌లో తొలి మ్యాచ్ మన జట్టుతోనే. ఆమె అజేయంగా 57 కొట్టింది, మనం 58 పరుగుల తేడాతో ఓడాం. అక్టోబర్ 20న ఫైనల్లో న్యూజిలాండ్ దక్షిణాఫ్రికాపై 32 పరుగుల తేడాతో గెలిచి కప్పు అందుకుంది. ఆ ఫైనల్లో డివైన్ చేసింది 6 పరుగులే. బ్యాటుతో, బంతితో గెలిపించింది ఆమె సహచరి అమేలియా కెర్. కప్పు ఎత్తిన కెప్టెన్ తన స్కోరుతోనే గెలవాలన్న నియమమేం లేదు. బ్రిడ్జ్‌టౌన్ నుంచి అక్కడికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఆమె చివరి వన్డే 2025 అక్టోబర్ 26న మన విశాఖపట్నంలో, ఇంగ్లండ్‌తో జరిగింది. న్యూజిలాండ్ ఓడింది. అయినా ఇంగ్లండ్ ఆటగాళ్లు బారులు తీరి ఆమెకు చప్పట్లు కొట్టారు.