ఎవరి గోడుకు ఎంత సమయం?



మన విచారణ సంఘ సమావేశాన్ని ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. పండుగ పందిరి, మైకు, భోజనాల మీద గంట గడిచిపోతుంది. చివరి ఐదు నిమిషాల్లో ఒక విధవరాలి ఇంటి కప్పు సంగతి వస్తుంది. "వచ్చేసారి చూద్దాం" అని ప్రార్థన చెప్పి లేస్తాం. ఆమెను ఎవరూ కాదనలేదు, సమయం మాత్రం ఇవ్వలేదు. దేశాన్ని పాలించే సభలోనూ ఈ ప్రమాదం ఉంది.

లోక్‌సభలో ప్రభుత్వ బిల్లులకూ ఇతర కార్యక్రమాలకూ ఎన్ని గంటలు కేటాయించాలో సభా వ్యవహారాల సలహా సంఘం సూచిస్తుంది. దీనికి స్పీకరే అధ్యక్షులు. స్పీకరుతో కలిపి 15 మంది సభ్యులుంటారు. ప్రజా సమస్యపై చర్చ కోరే సభ్యుడు 193వ నిబంధన కింద నోటీసు ఇవ్వవచ్చు. మరో ఇద్దరు సభ్యుల సంతకాలు ఉండాలి. ఈ చర్చకు నిబంధన ప్రకారం రెండు గంటలు మించని సమయం, చివర ఓటింగు ఉండదు. ఓటింగు కావాలంటే 184వ నిబంధన కింద తీర్మానం పెట్టాలి. మంత్రులు కాని సభ్యుల బిల్లులకు, తీర్మానాలకు శుక్రవారం చివరి రెండున్నర గంటలు కేటాయించారు. సభ గందరగోళంలో వాయిదా పడితే ముందుగా నష్టపోయేది ఇలాంటి చర్చలే. బడ్జెటులో చర్చకు రాని శాఖల పద్దులను కూడా గడువు ముగిసిన రోజున ఒక్కసారిగా ఓటింగుకు పెడతారు.

మనకు తెలిసిన ఉదాహరణే చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. దళిత క్రైస్తవులు మిగిలిపోయారు. ఈ హోదాను మతంతో ముడిపెట్టరాదని సిఫారసు చేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007 మే నెలలో నివేదిక ఇచ్చింది. అది పార్లమెంటు ముందుకు వచ్చింది 2009 డిసెంబరులో! రెండున్నరేళ్లు గడిచాయి. ఆ కాలంలో ఎందరు పిల్లల చదువులు, ఉద్యోగాల వయసు దాటిపోయాయో ఆలోచించండి.

సమాజానికి ఉమ్మడిగా ఉన్నదానిని ఎవరి పాలు వారికి పంచడం న్యాయంలో ఒక భాగమని పునీత తోమాస్ అక్వినాసు బోధించారు. సభా సమయం కూడా అలాంటి ఉమ్మడి సొత్తే. గొంతు పెద్దదైన వారికే అది దక్కితే అన్యాయం జరిగినట్టే. 1523లో ఇంగ్లండు సామాన్యుల సభకు స్పీకరైన పునీత తోమాస్ మోర్, సభ్యులు నిర్భయంగా మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వమని రాజును అడిగారు. 2000లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను రాజకీయ నాయకుల పాలక పునీతునిగా ప్రకటించారు.

లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలు న్యాయాధిపతి వద్దకు పదే పదే వెళ్లింది. ఆమె ముందుగా గెలిచింది అతని సమయాన్ని, ఆ తరువాతే తీర్పును. ఆమె విసుగు చెందలేదు. మనమో, ఓటు వేసి ఐదేళ్లు నిద్రపోతాం!

కుటుంబ ప్రార్థన తరువాత ఈ రెండు ప్రశ్నలు మాట్లాడుకోండి. మన పార్లమెంటు సభ్యుడు ఏ చర్చలో పాల్గొన్నారో మనకు తెలుసా? మన ప్రాంత సమస్యపై నోటీసు ఇమ్మని ఆయనకు ఒక్క ఉత్తరమైనా రాశామా? ఆ ఉత్తరం ఈ వారమే రాయండి. అలాగే మన తదుపరి విచారణ సమావేశంలో, పేదల సంగతిని మొదటి అంశంగా పెట్టండి.