టిక్కెట్టు ఒక ఊరికి, దిగుట వేరొక ఊరిలో

చదువవలసిన భాగములు: సామెతలు 20:14, కీర్తన 15:4

రావికమతములో అనకాపల్లి బస్సెక్కినవాడు నడుమ ఏ ఊరిలో దిగిపోయినను కండక్టరు తగవు పెట్టడు. చార్జీ దూరమునుబట్టి కట్టినది గనుక, ముందు దిగినవానికే నష్టము. రైలులోను అంతే. విమానపు చార్జీ అట్టిది కాదు. అది అనకాపల్లి బజారులోని బెల్లపు ధరవంటిది. కొనువారెందరు, పోటీ ఎంత, అవసరమెంత అను లెక్కమీద పూటపూటకు మారును.

కాబట్టి ఒక వింత జరుగుచుండును. ఢిల్లీనుండి హైదరాబాదుకు గిరాకి హెచ్చుగా నున్నదనుకొందము. అదే విమానమెక్కి, హైదరాబాదులో మారి విశాఖపట్నము చేరు టిక్కెట్టును కంపెనీ పోటీకొరకు తక్కువకే అమ్మవచ్చును. హైదరాబాదులో పనియున్నవాడు విశాఖకు టిక్కెట్టు కొని హైదరాబాదులోనే దిగిపోవును. చివరి విమానములో అతని సీటు ఖాళీగా పోవును.

ఇది దొంగతనమా? కంపెనీలు ఒప్పందభంగమనుచున్నవి. జర్మనీ కంపెనీయైన లుఫ్తాన్సా, 2016లో సియాటిల్‌నుండి ఓస్లోకు పోవలసియుండి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగిపోయిన ఒక ప్రయాణికునిమీద 2,112 యూరోలకు దావా వేసెను. 2018 డిసెంబరులో బెర్లిను కోర్టు దానిని కొట్టివేసెను. ఇట్టి టిక్కెట్లను వెదకి చూపు స్కిప్‌లాగ్డ్ అను సంస్థమీద అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు 2024లో టెక్సాసు జ్యూరీ 94 లక్షల డాలర్లు ఇప్పించినది. అయితే అది కంపెనీ గుర్తును వాడుకొన్నందుకే గాని, నడుమ దిగిన ప్రయాణికుల తప్పునకు కాదు.

మా మట్టుకు దీనిని దొంగతనమనలేము. అడిగిన సొమ్ము చెల్లించియే యున్నాడు. అయినను పోనని యెరిగియుండియే పోవుదునని చెప్పి కొనుట మనకు తగదు. నష్టము కలిగినను మాట తప్పనివానిని కీర్తనకారుడు మెచ్చుకొనెను. సామెతలలోని బేరగాడు సరుకును తెగడి కొని, పిమ్మట అతిశయపడును. దూరపు త్రోవకు తక్కువ, దగ్గర త్రోవకు ఎక్కువ పుచ్చుకొను కంపెనీ తన త్రాసును చూచుకొనవలదా? యోనా తర్షీషునకు కేవు ఇచ్చి నడుమనే దిగవలసివచ్చెను. ఓడవారు అతనిమీద దావా వేయలేదు.

మన పల్లెలవారికి తగులు దెబ్బ వేరు. గల్ఫు దేశమునకు పోవు కుమారునికి విశాఖనుండి హైదరాబాదుమీదుగా ఒకే టిక్కెట్టు కొందురు. అతడు రైలులో హైదరాబాదు చేరి అక్కడ విమానమెక్కబోవును. మొదటి విమానమెక్కని వాని మిగిలిన ప్రయాణమంతయు కంపెనీ రద్దుచేయును. రానుపోను టిక్కెట్టైన తిరుగు ప్రయాణము సహా పోవును. అప్పుచేసి కొన్న టిక్కెట్టు ఆ కౌంటరు దగ్గరనే వ్యర్థమగును. చివరి మజిలీ విడుచువానికిని ఇబ్బందులు లేకపోలేదు. అప్పగించిన పెట్టె చివరి ఊరికే పోవును. తుపానువలన విమానము వేరు త్రోవను పోయిన, అతడు దిగదలచిన ఊరు రానేరాదు.

ఎక్కదలచినది హైదరాబాదులోనైన, టిక్కెట్టు హైదరాబాదునుండియే కొనుడి. ముందే కొనియున్న యెడల, బయలుదేరకమునుపే కంపెనీవారిచేత మార్పించి, మార్చిన కాగితము చేతికి తీసికొనుడి.