పరీక్షలు, మిర్చి ఏరుడు చూశాకే ప్లాన్

ప్రశ్న: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సంఘాల యౌవనస్థుల కూడికలు నేను చూస్తున్నాను. జనవరిలో ఏడాది ప్లాన్ వాట్సాప్‌లో పెడతాం. మార్చికల్లా ఎవరూ రారు. ఏ యాప్ వాడాలి?
– ఒక యూత్ లీడర్, మహబూబాబాద్

జవాబు: బ్రదర్, యాప్ మారిస్తే తీరేది కాదిది. మీ ప్లాన్‌లో చర్చి పండుగలున్నాయి, పిల్లల రోజులు లేవు. మార్చి అంటే పరీక్షలు, మీ వైపు మిర్చి ఏరుడు. 2027లో ఈస్టర్ కూడా మార్చి 28నే.

గూగుల్ క్యాలెండర్‌లో ముందు కూడిక పెట్టకూడని రోజులకు ఎర్రరంగు వేయండి: పరీక్షలు, నాట్లు, పత్తి, మిర్చి పనులు. భూపాలపల్లిలో సింగరేణి గనుల్లో పనిచేసే ఇళ్లవాళ్ల షిఫ్టులూ చూడండి. మిగిలిన ఖాళీల్లోనే కూడికలు. నెలకో పెద్ద ప్రోగ్రాం ఎవరికీ అక్కర్లేదు, ఏడాదికి మూడు చాలు. క్యాంపుకు దసరా సెలవులు మంచివి. అందరూ కలవడానికి కాజీపేట వీలు: జనగామ, మహబూబాబాద్ నుంచి రైలుంది, భూపాలపల్లి వాళ్లు హనుమకొండ బస్సెక్కి అక్కడినుంచి రావాలి.

పాటలు, వాక్యం, భోజనం, బండి... గూగుల్ షీట్‌లో ఒక్కో పనికి ఒక్కో పేరు రాయండి. ‘అందరం చేద్దాం’ అనుకున్న పని ఎవరూ చేయరు! షీట్ మార్చే హక్కు సంఘానికి ఒకరికే ఇవ్వండి. వాట్సాప్ గుర్తుచేయడానికే; అక్కడ తేదీలు గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతాయి. మైనర్ల నంబర్లు, ప్రార్థన మనవులు షీట్‌లో వద్దే వద్దు.

రెండు నెలలైనా హాజరు పెరగకపోతే పాస్టరుగారిని వెంటబెట్టుకుని తల్లిదండ్రులను కలవండి. కూడికల్లో పిల్లలెవరైనా చావు మాట ఎత్తితే మాత్రం ప్రార్థనతో ఆగకుండా, ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. పిల్లలపై వేధింపులైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు.