నూరేళ్ళు చాలుతాయా? నాలుగు జీవితాల లెక్క

ఎవరి గురించైనా మాట్లాడుకుంటుంటే వాళ్ళే ఎదురొస్తే "నీకు నూరేళ్ళాయుష్షు" అంటాం. పాతికేళ్ళ కుర్రాడు పోయినా "పాపం, వాడికి నూరేళ్ళూ నిండిపోయాయి" అనేస్తాం. అంటే మన వాడుకలో ఎవరికి ఎంత దొరికితే అదే నూరు. ఈ రెండో మాట దగ్గరే నాకు పేచీ. పాతికని నూరు అనేశాక ఇక అడగడానికేం మిగులుతుంది? అందుకే మన క్లబ్ పత్రికకి ఈసారి ఈ ప్రశ్న తీసుకున్నాను: మనిషికి దొరికే ఆయుష్షు సరిపోతుందా?

ముందు అంకెలు చూద్దాం. రికార్డులు సరిగ్గా ఉన్నంతవరకు అందరికంటే ఎక్కువ కాలం బతికింది ఫ్రాన్స్‌లో ఒకావిడ. 122 ఏళ్ళు బతికి 1997లో పోయారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు, ఇప్పుడు 70 దాకా వచ్చింది. 32 అంటే అప్పట్లో అందరూ ఆ వయసుకే పోయేవారని కాదు. పసిపిల్లలు ఎక్కువమంది పోవడంతో సగటు కిందికి దిగింది. సగటు మనకి ఒక మనిషి కథ చెప్పదు. కాబట్టి మనుషుల్నే చూద్దాం.

దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితం రోమ్‌లో సెనెకా అనే తత్వవేత్త, ఆయుష్షు తక్కువేం కాదు, దాన్ని వృథా చేసేది మనమే అని వాదించాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పేదీ ఇంచుమించు అదే: ఎన్నాళ్ళు బతికామన్నది కాదు, ఎలా బతికామన్నది ముఖ్యం. వినడానికి బావుంటుంది. మన రెండు జిల్లాల్లోనే దీన్ని పరీక్షకి పెడదాం.

గురజాడ అప్పారావు 1862లో, గిడుగు రామమూర్తి 1863లో పుట్టారు. గిడుగుది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేట. ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకే పోరాటంలో దిగారు. జనం మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలి, రాయాలి అన్నారు. గురజాడ 1915 నవంబర్ 30న, 53 ఏళ్ళకే పోయారు. గిడుగు 1940 జనవరి దాకా ఉన్నారు.

ఇక్కడ ఒక చిన్న తీసివేత చేసి చూడండి. గురజాడ 45 ఏళ్ళకే పోయుంటే? 1897లో అచ్చయిన మొదటి 'కన్యాశుల్కం' ఉండేది. కానీ మనం ఇవాళ చదువుకునేది 1909లో ఆయన పూర్తిగా తిరగరాసిన నాటకం. అది ఉండేది కాదు. 1910లో వచ్చిన 'ముత్యాల సరాలు', 'దిద్దుబాటు' రెండూ ఉండేవి కావు. మనం గురజాడ అనుకునే మనిషిలో చాలా భాగం ఆ చివరి ఎనిమిదేళ్ళలోనే తయారైంది. ఇంకో ఎనిమిదేళ్ళుంటే? 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' సగంలో ఆగిపోయేవి కావేమో. వ్యావహారిక భాష కోసం 1914లో ఆయన అసమ్మతి పత్రం రాశారు. ఆ పోరు గెలవడం మాత్రం చూడలేదు. ఆయన కాలం వృథా చేశారని సెనెకా కూడా అనలేడు. ఏళ్ళు చాల్లేదు, అంతే.

గిడుగుకి స్నేహితుడు పోయాక ఇంకో 24 ఏళ్ళు దొరికాయి. ఆ ఏళ్ళలో 'తెలుగు' పత్రిక నడిపారు, ఊరూరా తిరిగి సభల్లో వాదించారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ 1890ల్లో, అప్పటికి లిపి లేని సవర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. సవర భాష మీద ఆయన ఇంగ్లిషులో రాసిన మాన్యువల్ 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో వచ్చాయి. అంటే నలభై ఏళ్ళ పైమాటే. నిఘంటువు పని తెలివితో తగ్గేది కాదు. ఒక్కో మాటా మనిషి నోటి నుంచి విని, రాసి, సరిచూసుకోవాలి. ఎంత బాగా బతికినా 53 ఏళ్ళలో అది ముగిసేది కాదు.

మూడో మనిషి కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు. విశాఖలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. 'యజ్ఞం' లాంటి కథ రాసినాయన అక్కడితో చాలు అనుకున్నా ఎవరూ కాదనరు. కానీ 1997 ఫిబ్రవరిలో, 72 ఏళ్ళ వయసులో, శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో వచ్చిన ప్రతి కథనీ ఒకచోట చేర్చాలన్నది ఆశ. 2021లో 96 ఏళ్ళకి పోయేటప్పటికి కూడా ఆ పని పూర్తి కాలేదు. కథలు వస్తూనే ఉంటాయి కాబట్టి అది అయ్యే పని కాదు కూడా. తన తర్వాత ఇంకొకరు అందుకునేలా మొదలుపెట్టారు. ఇలాంటి పనికి ఏ ఆయుష్షూ చాలదు, అయినా చేయొచ్చు.

నాలుగో జీవితానికి పేరు చెప్పను. సోంపేట వైపు మా అమ్మ తరఫు మావయ్య. కొబ్బరితోట, కొంచెం జీడి. ఉద్దానం గురించి మీలో చాలామందికి తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో సుగర్, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీరా, పురుగుమందులా, ఎండలో పనిచేసి ఒళ్ళు ఎండిపోవడమా, నొప్పి బిళ్ళలా అన్నీ అనుమానాలే. ఇదీ కారణం అని గట్టిగా తేలలేదు. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. చాలావరకు పాడయ్యేదాకా బాధ తెలియదు. తెలిశాక డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోటి నాలుగు గంటలు. లెక్క కడితే ఏడాదికి 624 గంటలు, అంటే 26 పూర్తి రోజులు మిషన్ పక్కనే. బస్సు ప్రయాణం ఇందులో లేదు.

సెలవులకి వెళ్ళినప్పుడు ఈ వ్యాసం సంగతి మావయ్యకి చెప్పాను. నవ్వి, "నూరేళ్ళెవుడికి కావాలి అల్లుడూ? పిల్లకి పెళ్ళి సేసి, ఇప్పుడేసిన మొక్కలు కాపుకొచ్చీదాకా ఉంటే సాలు" అన్నాడు. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆయన అడిగింది అంతే. 'ఎలా బతికామన్నదే ముఖ్యం' అనే మాట ఆయన ముందు అనడానికి నాకు నోరు రాలేదు.

ఈ నాలుగు జీవితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది. ఆ పెద్దల మాట తప్పు కాదు, కానీ అది ఎవరికి వాళ్ళు చెప్పుకోవాల్సిన మాట. నా ఆయుష్షు గురించి నేను 'చాలు' అనుకోవచ్చు, మావయ్యా అనుకోవచ్చు. ఆయన తరఫున నేను అనకూడదు. సగటు 32 నుంచి 70కి వచ్చింది 'ఇంతే రాసిపెట్టుంది' అన్నవాళ్ళ వల్ల కాదు. టీకాలు, మంచినీళ్ళు, ఆసుపత్రులు, వాటి కోసం పనిచేసినవాళ్ళ వల్ల వచ్చింది. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఆ పని ఇంకా చాలా ఉంది. నీళ్ళ పరీక్ష, సెన్సర్లు, డేటా, ఇంటి దగ్గరే చేసుకునే చవక డయాలసిస్, ఇవన్నీ మన బ్రాంచీల్లో ఉన్న సబ్జెక్టులే. ప్రాజెక్టు టాపిక్ ఇంకా తేల్చుకోనివాళ్ళు ఒకసారి ఆలోచించండి. ఈలోగా మీ ఇల్లు ఆ మండలాల్లో ఉంటే, ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళందరికీ సీరమ్ క్రియాటినిన్ పరీక్ష చేయించండి. చిన్న రక్తపరీక్షే.