ఆటకు ముందు ఆయత్తము

సంగీత విద్వాంసుడు సభకు వచ్చిన వెంటనే కీర్తన నందుకొనడు. తంబుర శ్రుతి సరిచూచుకొనును. మృదంగము వాయించువాడును తన వాద్యమును శ్రుతిలోనికి తెచ్చుకొనును. ఆ కొలది నిమిషములు వ్యర్థమని శ్రోతలెవ్వరును తలపరు. చెడుగుడు ఆడవచ్చిన బాలురు మాత్రము గంట మ్రోగిన మఱుక్షణమున కూతకు దిగుదురు. వాద్యమునకు కావలసిన ఆయత్తము దేహమునకు అక్కఱలేదా?

దేహము విశ్రాంతిగ నున్నప్పుడు గుండె పంపు రక్తములో సుమారు అయిదవవంతు మాత్రమే కండరములకు చేరును. తీవ్రమైన వ్యాయామమున నూటికి 80 పాళ్లవఱకు వానికే పోవును. ఈ మార్పు క్రమముగ జరుగవలసినది. వేడెక్కిన కండరము త్వరగా ముడుచుకొని త్వరగా సడలును. నరములందు సంకేతములు వేగముగా నడచును. కీళ్లు సులువుగా కదలును. దేహము నిట్లు సిద్ధపఱచుటనే వ్యాయామోపాధ్యాయులు ‘వార్మప్’ అందురు.

“మన యెండలలో దీని యవసర మేమి?” అని కొందఱడుగవచ్చును. ఎండ వేడి వేఱు, కండ వేడి వేఱు. ఎండ చర్మమును కాల్చును. గుండెను, కండను, నరమును కలిపి మేల్కొలుపునది కదలికయే. కావున వేసవియందును ఇది మానరాదు. నీడపట్టున చేసి, నీరు త్రాగి ఆటకు దిగవలెను.

చెడుగుడునే చూడుడు. కూతకు పోయినవాడు 30 సెకండ్లలోపల వంగును, దుముకును, ఒంటికాలిపై గిరుక్కున తిరుగును. ఎదిరిపక్షమువారు అతని చీలమండ పట్టి లాగుదురు. ఈ భారమంతయు మోకాలు, చీలమండ, తొడకండలు భరింపవలెను. అందుచే ఆయత్తమును మూడు మెట్లుగ చేయుట మంచిది.

మొదట అయిదు నిమిషములు వడిగా నడచి, మెల్లగా పరుగెత్తవలెను. సన్నగ చెమట పట్టవలెను. కాని మాటలాడలేనంత ఆయాసము రాకూడదు. రెండవది కీళ్లను కదలించుట. చేతులను గుండ్రముగ త్రిప్పుట, కాలిని ముందువెనుకలకును ప్రక్కలకును ఊపుట, పెద్ద అడుగు వేసి మోకాలు వంచుట ఇందులోనివి. కుదుపులు కూడవు. ఒకే భంగిమలో చాలసేపు కండను సాగదీసి నిలిపినచో దాని బలము కొంతసేపు తగ్గును. అట్టివి ఆట ముగిసిన పిదప చేయవలెను. మూడవది ఆటలోని కదలికలనే మొదట సగము వేగముతో, తరువాత పూర్తి వేగముతో అభ్యసించుట. దుమికి నేలను తాకునపుడు మోకాళ్లు వంగవలెను; అవి లోపలికి వాలరాదు.

ఇట్టి శ్రమ నిష్ఫలము కాదనుటకు నిదర్శనము కలదు. నార్వే దేశమున 13 మొదలు 17 ఏండ్ల వయస్సుగల ఫుట్‌బాలు క్రీడాకారిణులను రెండు వర్గములుగ విభజించి పరిశీలించిరి. ఒక వర్గమువారు సాధనకు ముందు సుమారు 20 నిమిషములు పరుగుతోబాటు బలమును, నిలుకడను పెంచు వ్యాయామములు చేసిరి. రెండవ వర్గమువారు తమ పాత పద్ధతినే అనుసరించిరి. 2008లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము మొదటి వర్గమున గాయములు సుమారు మూడవవంతు తక్కువ. గాయము లన్నియు తప్పలేదు. కాని పెక్కుమంది బాలికలు మంచము పట్టక మైదానమున నిలిచిరి.

జట్టు నాయకుడు మఱియొక విషయము గమనింపవలెను. గీత వెలుపల చాలసేపు కూర్చున్న అదనపు ఆటగాని కండలు మరల చల్లబడును. ఒక్కసారిగ పిలుపు వచ్చినప్పుడు ఎక్కువ అపాయము అతనికే. కావున అతడు పిలుపునకు ముందే లేచి కదలుచుండవలెను. ఆలస్యముగ వచ్చినవానిని మిత్రులు తొందరపెట్టరాదు. కీలు నొప్పియున్నవాడు దానిని దాచక ఉపాధ్యాయునకు చెప్పవలెను.

మోకాలు చెడినచో ఆ బాధ ఆటస్థలమున ఆగిపోదు. బడిమెట్లెక్కునప్పుడును, పొలముగట్టున నడచునప్పుడును వెంట వచ్చును. విద్యార్థులారా! ఆటకు అరగంటయే దొరకినను అందులో మొదటి పది నిమిషములు మీ దేహమున కిండు. మిగిలిన యిరువది నిమిషములును మనసార ఆడుడు.