విత్తనం – పదును
(మన శరీరంలో గాయాలు ఎలా మానతాయి?)

మనకు మోకాలు చెక్కుకుపోతే వారంలో మానిపోతుంది. అదే గాయం తాతయ్యకైతే ఎక్కువ రోజులు పడుతుంది. కారణమేమిటి?

పత్తి చేలో గింజ మొలవాలంటే రెండు కావాలి: విత్తనం, నేలలో పదును. శరీరంలో విత్తనాలు మూలకణాలు. వాటిని మేల్కొలిపే పదును సంకేత ప్రోటీన్లు. ఒక కణం విడుదల చేసిన ప్రోటీన్ మరో కణం మీది గ్రాహకానికి తాళంచెవిలా అమరుతుంది. ఆ కబురు కేంద్రకానికి చేరి "విభజన చెందు" అనో, "ఆగు" అనో చెబుతుంది.

1962లో అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుక లాలాజల గ్రంథి నుంచి ఒక ప్రోటీన్‌ను వేరుచేశారు. అది ఇచ్చిన ఎలుకపిల్లలు మామూలు కంటే ముందే కళ్లు తెరిచాయి. అదే ఇ.జి.ఎఫ్. చర్మం, కార్నియా కణాలు పెరగడానికి అది సంకేతం. ఇందుకు 1986లో రీటా లెవి మాంటల్సినీతో కలిసి ఆయన నోబెల్ బహుమతి పొందారు.

ముసలితనంలో తగ్గేది విత్తనమా, పదునా? 2005లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ముసలి ఎలుకకూ పడుచు ఎలుకకూ రక్తప్రసరణ కలిపారు. ముసలి ఎలుక కండరంలోని మూలకణాలు మళ్లీ చురుకుగా పనిచేశాయి. 'నాచ్' అనే సంకేతం తిరిగి బలపడింది. అంటే విత్తనం ఉంది, పదునే తగ్గింది!

విత్తనమే పోతే? కార్నియా మూలకణాలు నల్లగుడ్డు అంచున ఉంటాయి. కంట్లో కారం పడితే మంట పుట్టి తగ్గిపోతుంది. సున్నం అలా కాదు, లోపలికి దిగి ఆ మూలకణాలనే కాల్చేస్తుంది. అప్పుడు చూపు మసకబారుతుంది. ఇలా ఒక కన్ను దెబ్బతిన్నవారికి హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ఒక సులువైన పద్ధతిని ప్రకటించింది. మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిపై పరచిన ఉమ్మనీటి సంచి పొర మీద నాటుతారు. ఆ పొరలోనూ పెరుగుదల ప్రోటీన్లు ఉంటాయి. విత్తనమూ పదునూ కలిసి కొత్త పొర మొలుస్తుంది.

కానీ మిత్రులారా, రెండు కళ్లూ కాలితే తీసుకోవడానికి సొంత విత్తనం మిగలదు. కాబట్టి పండగకు వెల్ల వేసేటప్పుడు, సున్నం పొట్లాలు తెరిచేటప్పుడు జాగ్రత్త. తమ్ముళ్ల చేతికి ఇవ్వకండి. పొరపాటున కంట్లో పడితే నూనె, చనుబాలు పోయకండి. రెప్పలు విప్పి పట్టుకుని వెంటనే మంచినీళ్లతో అరగంట సేపు కడగండి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విత్తనాన్ని కాపాడేది ఆ మొదటి బిందె నీళ్లే.