పైథాన్ 2 నుంచి 3కు యాంత్రిక మార్పిడి: వ్యవసాయ గణనలలో మిగిలిపోయే దోషాలు

మొక్కజొన్న చేనులో ఒక రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత 33, కనిష్ఠ ఉష్ణోగ్రత 22 డిగ్రీల సెల్సియస్‌గా నమోదైతే వాటి సగటు 27.5 అవుతుంది. అందులో నుంచి మూల ఉష్ణోగ్రత 10 డిగ్రీలను తీసివేస్తే ఆ రోజు పంటకు లభించిన ఉష్ణ సంచితం, అంటే గ్రోయింగ్ డిగ్రీ డేస్ విలువ, 17.5. పైథాన్ 2 భాషలో రాసిన స్క్రిప్టు మాత్రం, ఉష్ణోగ్రతలు పూర్ణాంకాలుగా అందినప్పుడు, ఈ విలువను 17గా చూపుతుంది. ఆ భాషలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ఫలితం కూడా పూర్ణాంకమే. భిన్నభాగం లెక్కలోకి రాదు. అదే వాక్యాన్ని ఒక్క అక్షరం కూడా మార్చకుండా పైథాన్ 3లో నడిపితే 17.5 వస్తుంది. రెండు సందర్భాలలోనూ స్క్రిప్టు ఏ హెచ్చరికా లేకుండా చివరి వరకు నడుస్తుంది.

పైథాన్ 3.0 వెర్షన్ 2008 డిసెంబరు 3న వెలువడింది. పాత వెర్షన్‌తో పొత్తు కుదరకపోయినా సరేనని, భాషలోని కొన్ని లోపాలను సరిదిద్దడానికి ఉద్దేశపూర్వకంగా చేసిన మార్పు అది. పైథాన్ 2.7కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. నేల పటాల తయారీలో విరివిగా వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ 2018లో విడుదలైన మూడవ వెర్షన్‌తో పైథాన్ 3కు మారింది. ఈ మార్పిడి కోసం పైథాన్‌తో పాటే '2టు3' అనే ఉపకరణం లభించేది. 2024లో వచ్చిన 3.13 వెర్షన్ నుంచి దానిని తొలగించారు. అది మార్చి ఇచ్చిన స్క్రిప్టులు మాత్రం వాడుకలోనే ఉన్నాయి.

'2టు3' చేసే పని ప్రధానంగా రూపానికి సంబంధించినది. ప్రింట్ వాక్యానికి కుండలీకరణాలు చేరుస్తుంది, పేరు మారిన ప్రమేయాలకు కొత్త పేర్లు పెడుతుంది. భాగహార గుర్తు వద్దకు వచ్చేసరికి అది నిస్సహాయం. ఆ గుర్తుకు ఇరువైపులా ఉన్న చరరాశులలో పూర్ణాంకాలు ఉన్నాయో దశాంశ సంఖ్యలు ఉన్నాయో స్క్రిప్టు నడిచే వరకు తెలియదు. కనుక ఆ గుర్తును ఉన్నది ఉన్నట్లే వదిలివేస్తుంది. దీనిని ఉపకరణ లోపమని అనలేము. దాని పరిధి అంతే.

కాలశ్రేణిలో కృత్రిమ మెట్టు

పై ఉదాహరణలో కొత్త ఫలితమే సరైనది. అయినా చిక్కు తీరదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల మొత్తం బేసి సంఖ్య అయిన ప్రతి రోజూ పాత లెక్క అర డిగ్రీ తక్కువ చూపుతుంది. 110 రోజుల పంటలో సగం రోజులు అటువంటివైతే తేడా 27.5 డిగ్రీ డేస్. కొన్ని సంవత్సరాల విలువలను పాత స్క్రిప్టుతోను, తరువాతి సంవత్సరాల విలువలను మార్చిన స్క్రిప్టుతోను లెక్కించి ఒకే పట్టికలో చేరిస్తే, మార్పిడి జరిగిన సంవత్సరం వద్ద ఒక మెట్టు కనిపిస్తుంది. దానిని వాతావరణం వేడెక్కడానికి నిదర్శనంగా భావించే ప్రమాదం ఉంది. పూత దశకు ఇన్ని డిగ్రీ డేస్ కావాలని పాత లెక్కతో నిర్ణయించుకున్న ప్రమాణాలు కూడా కొత్త లెక్కకు పొసగవు.

ఇందుకు విరుద్ధంగా, పాత ఫలితమే కావలసిన సందర్భాలూ ఉంటాయి. నాలుగు మళ్లకు ఒక బ్లాకు చొప్పున 12 మళ్లను మూడు బ్లాకులుగా విభజించిన ప్రయోగంలో, మడి సంఖ్య నుంచి 1 తీసివేసి, 4తో భాగించి, 1 కలిపితే బ్లాకు సంఖ్య రావాలి. పైథాన్ 2లో మొదటి నాలుగు మళ్లకూ 1 వస్తుంది. పైథాన్ 3లో 1, 1.25, 1.5, 1.75 అని వస్తాయి. ఆ విలువల ఆధారంగా దత్తాంశాన్ని వర్గీకరిస్తే మూడు బ్లాకులకు బదులు పన్నెండు ఏర్పడతాయి. ఇక్కడ రెండు ఏటవాలు గీతల పూర్ణాంక భాగహార గుర్తును చేతితోనే పెట్టవలసి ఉంటుంది.

ఒకే విత్తన సంఖ్య, వేరు విన్యాసం

అన్నింటికన్నా తీవ్రమైన దోషం యాదృచ్ఛికీకరణలో ఉంది. యాదృచ్ఛిక బ్లాకు పద్ధతిలో ట్రీట్‌మెంట్లను మళ్లకు కేటాయించడానికి షఫుల్ ప్రమేయాన్ని వాడడం పరిపాటి. కొందరు పరిశోధకులు విన్యాస పటాన్ని భద్రపరచకుండా, దానిని సృష్టించిన విత్తన సంఖ్యను మాత్రమే నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆ సంఖ్య ఉంటే అదే విన్యాసం తిరిగి వస్తుందన్న నమ్మకం ఒక వెర్షన్‌లో ఉన్నంత కాలం నిజమే. అయితే షఫుల్ లోపలి పద్ధతి పైథాన్ 3లో మారింది. పూర్ణాంక విత్తన సంఖ్యతో మొదలుపెట్టినప్పుడు 0 నుంచి 1 లోపు యాదృచ్ఛిక సంఖ్యల క్రమం రెండింటిలోనూ ఒకటే. షఫుల్ ఇచ్చే వరుస మాత్రం ఒకటి కాదు.

విత్తే నాటికి పాత స్క్రిప్టు, కోత నాటికి మార్చిన స్క్రిప్టు వాడితే ఒక ట్రీట్‌మెంట్ దిగుబడి మరొకదాని పేరు మీద నమోదవుతుంది. విశ్లేషణ సాఫీగానే సాగుతుంది, ఎఫ్ విలువ వస్తుంది, సిద్ధాంత గ్రంథంలోకీ చేరుతుంది. పొలంలో కర్రలకు కట్టిన చీటీలే అప్పుడు మిగిలే సాక్ష్యం.

ఇతర మార్పులు

సవరింపు సూత్రం కూడా మారింది. 2.5ను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే పైథాన్ 2లో 3, పైథాన్ 3లో 2 వస్తుంది, 3.5కు రెండింటిలోనూ 4. సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు మొగ్గే ఈ కొత్త పద్ధతి గణాంక శాస్త్రానికి సమ్మతమే. కానీ ఎరువుల సిఫారసు పత్రంలో రెండున్నర బస్తాల యూరియా రెండుగా మారితే రైతుకు సమాధానం చెప్పవలసింది విస్తరణ శాస్త్రవేత్త. దిగుబడి నమోదు కాని మడిని సూచించే ఖాళీ విలువను పైథాన్ 2 అన్ని సంఖ్యలకన్నా చిన్నదిగా పరిగణించేది. పైథాన్ 3 ఆ పోలికను నిరాకరించి ఆగిపోతుంది. ఆగిపోయే దోషం మేలైనది.

తెలుగులో సందేశాలు పంపే స్క్రిప్టులలో మరొక చిక్కు ఉంది. 'వరి' అన్న మాటలో కంటికి రెండు అక్షరాలే కనిపించినా, గుడిని విడిగా లెక్కించడం వల్ల యూనికోడ్‌లో మూడు సంకేతాలు ఉంటాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. సాధారణ పాఠం పొడవు అడిగితే పైథాన్ 2 తొమ్మిది అంటుంది, పైథాన్ 3 మూడు అంటుంది. తెలుగు ఎస్ఎంఎస్ ఒకదానిలో 70 సంకేతాలు పడతాయి. అందుకు తగ్గట్లు 210 బైట్ల వద్ద సందేశాన్ని కత్తిరించిన పాత స్క్రిప్టు, మార్పిడి తరువాత 210 సంకేతాలను అనుమతిస్తుంది. విడివిడిగా పంపే భాగంలో 67 సంకేతాలే పడతాయి కనుక అది నాలుగు ఎస్ఎంఎస్‌లవుతుంది. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించినవారికి ఈ తేడా కనిపించదు.

సరిచూసే విధానం

మార్పిడికి ముందే, ఇప్పటికే ఫలితాలు ప్రచురించిన ఒక సీజను దత్తాంశంపై పాత స్క్రిప్టును నడిపి, ప్రతి దశలోని ఫలితాన్ని ఫైలుగా భద్రపరచాలి. తరువాత పైథాన్ 2.7లోనే ఉండి, ఫ్యూచర్ మాడ్యూల్ ద్వారా కొత్త భాగహారాన్ని మాత్రమే అమలుచేసి ఫలితాలను పోల్చాలి. ఇలా చేస్తే భాగహారం వల్ల వచ్చిన తేడాలు మిగతా వాటితో కలిసిపోవు. పూర్ణాంక భాగహారం జరిగిన ప్రతి చోటా హెచ్చరించే ఎంపిక కూడా 2.7లో ఉంది. ఆ పైన '2టు3' చేసిన మార్పులను పరిశీలించి, పైథాన్ 3 ఫలితాలను పాత ఫైళ్లతో చివరి దశాంశం వరకు సరిపోల్చాలి. తేడా వచ్చినప్పుడు పాతదే ఒప్పని అనుకోకూడదు. ఒక మడిని, ఒక రోజును ఎంచుకొని చేతితో లెక్కగట్టి నిర్ణయించాలి. వాడిన వెర్షన్ సంఖ్యను సామగ్రి, పద్ధతుల అధ్యాయంలో పేర్కొనాలి. విన్యాస పటాన్ని విత్తన సంఖ్యగా కాక, మడి సంఖ్య, ట్రీట్‌మెంట్ వరుసల పట్టికగా ముద్రించి క్షేత్ర పుస్తకంలో అతికించాలి.

పాత వెర్షన్‌ను పూర్తిగా తీసివేయడానికి తొందరపడనవసరం లేదు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 2.7.18 ఆ శ్రేణిలో చివరిది. దానికి భద్రతా సవరణలు రావు కనుక ఇంటర్నెట్ సంధానం లేని ఒక కంప్యూటరులో ఉంచి, పాత ఫలితాలను తిరిగి రాబట్టడానికి మాత్రమే వాడుకోవచ్చు.